గడ్డి బండి కొట్టుకుంటోంది

జూన్ 9

మృగశిర కార్తె వచ్చి రెండు రోజులైంది. రాత్రి మంచి జల్లు పడింది. తెల్లారేసరికి మెక్సికన్ గడ్డి మడులన్నీ ఒత్తుగా లేచి కూర్చున్నాయి. మూడు రోజుల్లో మట్టితో సహా పలకలుగా కోసి, కొన్న పార్టీ లారీకి ఎత్తాలి. కోసేముందు పైన సమంగా కత్తిరించకపోతే పార్టీ తీసుకోడు. సరిగ్గా ఇప్పుడే గడ్డి బండి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

గడ్డి బండి అనేది మా నర్సరీ కుర్రాళ్లు పెట్టిన పేరు. సీటు మీద కూర్చుని నడిపే లాన్ మోవర్ అది. కడియం చుట్టుపక్కల ఇలాంటివి తక్కువ. ఇక్కడ చాలామంది తోసే మిషన్లతోనో, భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్లతోనో లాగించేస్తారు. నాలుగేళ్ల కిందట హైదరాబాద్ దగ్గర ఎవరో ఫాంహౌస్ ఎత్తేస్తూ దీన్ని అమ్మేస్తుంటే మా బావ బేరమాడి, డీసీఎంలో వేయించి పంపించాడు. ఒకటే సిలిండర్, 500 సీసీ, 17.5 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్. పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, నిలువుగా ఉంటుంది. పై కొసన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, కింది కొసన బెల్టు పుల్లీ. పొట్ట కింద గడ్డి కోసే రెండు బ్లేళ్ల డెక్కు.

శబ్దం ఎలా ఉందంటే, పక్క వీధిలో రోకలితో దంచుతుంటే వినిపించినట్టు. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఉందా లేదా అన్నట్టుంది. రేజ్ చేస్తే టకటకటక. ఒక్కసారిగా రేజ్ వదిలేస్తే మాత్రం గట్టిగా రెండు దెబ్బలు. ఇంజన్ వేడెక్కేకొద్దీ పెరిగింది.

నాన్నగారు అరుగు మీద నుంచే విన్నారు. "రాడ్డు కొడతందిరా అబ్బాయ్. ఆపెయ్."

ఆయన ముప్ఫై ఏళ్లు 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్‌తో కాలవలోంచి చేలకి నీళ్లు తోడిన మనిషి. అయినా నాకు నమ్మాలనిపించలేదు. రాడ్డంటే పిస్టన్‌నీ క్రాంక్‌నీ కలిపే కనెక్టింగ్ రాడ్డు. అదే అయితే ఇంజన్ మొత్తం దింపి విప్పాలి. లారీ మూడు రోజుల్లో ఉంది. ముందు ఆయిల్ పుల్ల తీసి చూశాను. నిండుగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఎంత తప్పో తర్వాత తెలిసింది.

బండి మాత్రం ఆపేశాను. కొట్టుకుంటున్న ఇంజన్‌ని ఈ ఒక్క మడి అయిపోనిద్దాం అని నడిపితే, రాడ్డు విరిగి ఇంజన్ బాడీకే కన్నం పెట్టేస్తుంది. అప్పుడిక బాగు చేయడానికి ఏమీ మిగలదు, పాతసామాన్లవాడికి కాటా వేయడమే.

జూన్ 10

బయటి అనుమానాలు ముందు తీర్చుకుందామని కూర్చున్నాను. టకటక మన్నదల్లా రాడ్డే అనుకోనక్కర్లేదు. బ్లేడు వదులైనా కొడుతుంది, పుల్లీ వదులైనా కొడుతుంది.

డెక్కు బెల్టు తీసేసి స్టార్ట్ చేశాను. పది సెకన్లు చాలు. శబ్దం అలాగే ఉంది. అంటే డెక్కు నిర్దోషి. బ్లేడు తిరిగే ఇరుసు, అదే స్పిండిల్, దాని బోల్టు ఒకటి మాత్రం సగం ఊడి ఉంది, అది వేరే కథ, బిగించాను.

తర్వాత పైన ఫ్యాన్ మూత విప్పాను. లోపల సిలిండర్ రెక్కల మధ్య ఎండుగడ్డి దట్టంగా కూరుకుపోయి, పిట్టగూడు కట్టినట్టుంది. గాలితో చల్లబడాల్సిన ఇంజన్‌కి మనం దుప్పటి కప్పి నడుపుతున్నామన్నమాట. వేడి మరీ ఎక్కువైతే లోపల పెట్రోలు సమయానికి ముందే అంటుకుని కూడా నాకింగ్ వస్తుంది. కానీ అది పని భారం పడినప్పుడు గలగలమనే సన్నటి శబ్దం. ఇది బరువైన దెబ్బ. భారం లేనప్పుడు, రేజ్ వదిలినప్పుడు ఎక్కువగా వస్తోంది. గడ్డంతా పీకి శుభ్రం చేశాను, అనుమానం మాత్రం తీరలేదు.

ఫ్లైవీల్ నట్టు గట్టిగానే ఉంది. అయినా పుల్లర్ పెట్టి లాగి, ఫ్లైవీల్ క్రాంక్ మీద జరగకుండా పట్టి ఉంచే లోపలి కీ చూశాను. ఆ చిన్న కీ తెగితే ఫ్లైవీల్ కాస్త జరుగుతుంది. దాని మీది అయస్కాంతమే ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో చెప్పేది కాబట్టి టైమింగ్ తప్పి ఇంజన్ కొట్టుకుంటుంది, వెనక్కి తన్నుతుంది. కీ కొత్తదానిలా ఉంది.

పిస్టన్ వదులైనా శబ్దం వస్తుంది కానీ, అది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి వేడెక్కాక తగ్గుతుంది. మనది దానికి పూర్తిగా ఉల్టా. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాకే ఎక్కువవుతోంది. సాయంత్రానికి చేతిలో మిగిలింది నాన్నగారి మాటే. ఒప్పుకోవాలనిపించక స్నానానికి వెళ్లిపోయాను.

జూన్ 12

లారీ గొడవ ముందు రాసేస్తాను. పక్క నర్సరీ నుంచి రెండు బ్రష్ కట్టర్లు అరువు తెచ్చి, నలుగురం రాత్రి పదకొండింటి దాకా కత్తిరించాం. సమంగా వచ్చిందని చెప్పను. లారీ అయితే వెళ్లింది.

ఇక అసలు సంగతి. ఈరోజు ఆయిల్ దింపాను. ఈ ఇంజన్‌కి పట్టేది 1.4 లీటర్లు. కింద పెట్టిన బేసిన్ నిండిపోయి పొర్లబోతే పక్కన డబ్బా పెట్టాల్సి వచ్చింది. రెండు లీటర్లకి కాస్త తక్కువ వచ్చింది. ఆయిల్ కాదది, నల్లటి మజ్జిగ తేట. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు బంకులో నించున్నట్టుంది.

బండి చూసుకునే కుర్రాడు పక్కనే ఉన్నాడు. "అన్నా, నేను రోజూ పుల్ల తీసి సూత్తానే ఉన్నాను కదా. ఎప్పుడూ ఫుల్లే. ఈ బండి ఆయిలు తాగదని మీరే అన్నారు."

అన్నాను. నిజమే. పోయిన సంక్రాంతికి మా తమ్ముడితో గొప్పగా చెప్పాను కూడా, పాత ఇంజనైనా చుక్క ఆయిల్ తాగదని. తాగకపోవడం కాదు, అది పెట్రోలు తాగి కడుపు నింపుకుంటోంది. పుల్ల మీద ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉండేది. తక్కువుంటే భయపడతాం గానీ, ఎక్కువుంటే ఎవరు భయపడతారు? వాసన చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

బేసిన్ నెమ్మదిగా వంచి, అడుగున మిగిలినది తెల్లగుడ్డలో వడగట్టాను. ఎండలోకి తీసుకెళ్తే గుడ్డంతా వెండి పొడి చల్లినట్టు మెరిసింది. పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి ఆడించాను. ఒక్క రవ్వా అంటుకోలేదు. ఇనుము కాదు, అల్యూమినియం. ఈ ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్డు అల్యూమినియమే. నాన్నగారికి చూపించాను. గుడ్డ వైపు చూసి, మళ్లీ పేపర్‌లో తల పెట్టేశారు. నేను చెప్పాను కదా అని అనకపోవడమే ఆయన గొప్పతనం.

జూన్ 13

విప్పే ముందు ఇంకో పరీక్ష. ప్లగ్ తీసేసి, పిస్టన్‌ని సగం దారిలో ఆపి, ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి వెదురుపుల్ల పిస్టన్‌కి ఆనించి కుర్రాడిని పట్టుకోమన్నాను. నేను పైన ఫ్లైవీల్‌ని రెండు చేతులతో అటూ ఇటూ మెల్లగా ఊపాను. ఫ్లైవీల్ కదిలిన వెంటనే పుల్ల కదలాలి. కదల్లేదు. ముందు కాస్త ఖాళీగా తిరిగి, లోపల ‘టుక్’ మన్నాక అప్పుడు కదిలింది. వెనక్కి తిప్పితే మళ్లీ అదే. ఆ టుక్కే నిమిషానికి వేలసార్లు జరిగితే మనకు వినిపించే టకటక.

పిస్టన్‌ని పై కొసలోనో కింది కొసలోనో పెట్టి ఇలా చూస్తే మోసపోతాం. అక్కడ క్రాంక్ కాస్త తిరిగినా పిస్టన్ ఎలాగూ పెద్దగా కదలదు. సగంలోనే పెట్టాలి.

జూన్ 15

ఇంజన్ దించాం. కింద పుల్లీ తుప్పు పట్టి క్రాంక్‌కి అతుక్కుపోయింది. అదొక్కటే రెండున్నర గంటలు తినేసింది. మిగతాదంతా నాలుగు బోల్టులు, మూడు వైర్లు, ఒక పెట్రోలు గొట్టం. పాత ఆటో టైరు నేల మీద పరిచి, ఇంజన్‌ని తలకిందులుగా దాని మీద కూర్చోబెట్టాం. ఎటూ పొర్లకుండా చక్కగా నిలబడింది. స్టాండు కోసం డబ్బు దండగ.

అడుగు మూత తీశాను. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ బయటికి తీసే ముందు రెండు పళ్ల చక్రాల మీద ఉన్న చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూసి ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. రాడ్డు మూత రెండు బోల్టులూ విప్పి చేత్తో పట్టుకోగానే విషయం తెలిసిపోయింది. లోపలి వైపు గీతలు గీతలు. వేలితో తడిమితే నాగలి చాళ్లలా తగులుతున్నాయి. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు అయింది. అరిగిన అల్యూమినియం క్రాంక్ మీద మరకలుగా పట్టేసి ఉంది. అదురు తగ్గించడానికి ఊగిసలాడే బ్యాలెన్సు బరువులు కూడా ఈ ఇంజన్‌లో ఉన్నాయి. అవి అరిగినా కొడతాయని వాటినీ ఊపి చూశాను. బాగానే ఉన్నాయి.

ఇక్కడ నాన్నగారికీ నాకూ చిన్న వాదన. ఆయన ఆయిల్ ఇంజన్‌లో రాడ్డుకి క్రాంక్‌కి మధ్య విడిగా బేరింగ్ బుష్షులుంటాయి. వదులైనప్పుడు మూత దగ్గర ఒక షిమ్ము, అంటే పలచటి రేకు, తీసేసి బిగిస్తే మళ్లీ ఓ సీజన్ నడిచేదట. "దీనికీ మూత అంచులు ఆకురాయితో కాస్త రాసి బిగించెయ్. నాలుగు నెల్లు లాగుతుంది" అన్నారు.

దీనికి బుష్షు లేదు. అల్యూమినియమే నేరుగా ఇనుప క్రాంక్ మీద తిరుగుతుంది, మధ్యలో ఉన్నది ఆయిల్ పొర ఒక్కటే. అది పెట్రోలుతో పలచబడితే ఇక అడ్డం లేదు. మూత అంచులు రాస్తే ఒక దిక్కు బిగుస్తుంది, రెండో దిక్కు వదులుగానే ఉంటుంది. కోడిగుడ్డు కోడిగుడ్డే. పైగా ఆయన ఇంజన్ నింపాదిగా తిరిగేది, ఇది నిమిషానికి 3300 దాకా వెళ్తుంది. ఇదంతా చెప్పాను. "సరే, నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు గానీ, ఈసారి నా ఇష్టమే జరిగింది.

జూన్ 17

క్రాంక్ మీది అల్యూమినియం మరకలు గీకితే పోవు, గీకితే ఇనుముకే దెబ్బ. బాత్రూం యాసిడ్ దూదిపుల్లతో మరక మీద మాత్రమే అద్దాను. బుసబుసమని పొంగి అల్యూమినియం కరిగిపోయింది. ఇనుము మీద కూడా ఆ యాసిడ్‌ని ఎక్కువసేపు ఉంచకూడదు. పొంగు ఆగగానే తుడిచేసి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆయిల్ రాయాలి. ఆరుబయట, గాలికి ఎదురు కాకుండా కూర్చుని, గ్లౌజులు వేసుకుని చేశాను. తర్వాత 600 నంబరు ఎమరీ పేపరు సన్నటి పట్టీగా చింపి, ఆయిల్‌లో తడిపి, చల్ల చిలికినట్టు చుట్టూ లాగాను. అద్దంలా వచ్చింది.

క్రాంకు, రాడ్డు సంచిలో వేసుకుని ధవళేశ్వరంలో ఒక లేత్ షాపుకి వెళ్లాను. మాస్టారు మైక్రోమీటరు పెట్టి నాలుగు చోట్ల కొలిచారు. చోటు చోటుకీ తేడా 0.02 మిల్లీమీటర్లు, అంతే. క్రాంక్ బతికిపోయింది.

"ఆయ్, దీనికి కొత్త రాడ్డెందుకండీ. బోరు కొట్టి గన్‌మెటల్ బుష్షు ఏసేత్తాను, సాయంత్రానికి పట్టుకెళ్లిపోండి" అన్నారు. ఆశ పుట్టింది. రాడ్డుని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, మళ్లీ ఆయనే తల అడ్డంగా ఊపారు. "గోడ పల్చగా ఉందండి. బోరు కొడితే బోల్టుల కాడ ఏం మిగల్దు." పని వద్దని తనే చెప్పిన మేస్త్రి దొరకడం అదృష్టం. కొలిచినందుకు డబ్బులిస్తే తీసుకోలేదు.

తిరిగి వస్తూ కాటన్ మ్యూజియం ముందు బండి ఆపాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టకి వాడిన పనిముట్లూ యంత్రాలూ అక్కడ దాచారు. చిన్నప్పుడు బడి వాళ్లు తీసుకొచ్చినప్పుడు ఐస్‌క్రీం తప్ప ఏమీ చూడలేదు. ఈసారి మాత్రం బేరింగులు ఎక్కడున్నాయా, ఆయిల్ ఎక్కడ పోసేవాళ్లా అని వెతుకుతూ అరగంట గడిపాను. జబ్బు ముదిరిందనడానికి ఇంతకన్నా గుర్తు ఉండదు.

రాడ్డు, రింగులు, ప్యాకింగులు, ఆయిల్ సీళ్లు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. మొత్తం 7,400 రూపాయలు. పన్నెండు రోజులు పడుతుందట.

జూన్ 20

ఆయిల్‌లోకి పెట్రోలు ఎలా వచ్చిందో తేలకుండా కొత్త రాడ్డు వేస్తే, దాన్నీ అలాగే తినేస్తుంది. కార్బ్యురేటర్ విప్పాను.

దాని అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు ఒక నీడిల్ పెట్రోలు దారి మూసేయాలి, మన ఇంటి నీళ్లట్యాంకు ఫ్లోట్ లాగే. గిన్నె తీసేసి, పెట్రోలు గొట్టం తగిలించి, ఫ్లోట్‌ని వేలితో పైకి పట్టుకున్నాను. ఆగాలి. ఆగలేదు. ఐదారు సెకన్లకో చుక్క. నీడిల్ కొసన రబ్బరు మీద భూతద్దంలో చూస్తే చుట్టూ గాడి పడి ఉంది. ట్యాంకు కార్బ్యురేటర్ కన్నా ఎత్తులో ఉంది. అంటే బండి షెడ్డులో నిద్రపోతున్న రాత్రంతా చుక్క చుక్క గిన్నె పొర్లి, గొంతులోంచి సిలిండర్‌లోకి, రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లోకి.

కార్బ్యురేటర్ కింద కరెంటుతో పనిచేసే మూత, సోలెనాయిడ్, ఉంది కదా, తాళం తీసేస్తే పెట్రోలు ఆగిపోదా అని నేనూ అనుకున్నాను. అది మూసేది గిన్నెలోంచి ఇంజన్ పెట్రోలు పీల్చుకునే సన్నటి రంధ్రాన్ని, మెయిన్ జెట్టుని మాత్రమే. గిన్నె పొర్లితే దానికి సంబంధం లేదు.

రబ్బరు ఎందుకు పాడైందంటే వయసు ఒకటి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. ఈ ఇంజన్ పుస్తకంలో 10 శాతం దాటొద్దని రాసి ఉంది. ఇథనాల్ గాల్లో తేమని కూడా పీల్చుకుంటుంది. ఇక మన గోదావరి వర్షాకాలంలో తేమకి కొదవేముంది. అంతా దాని మీదకే నెట్టను. నాలుగేళ్లలో ఒక్కసారైనా నేను ఆ గిన్నె విప్పింది లేదు.

నీడిల్ కిట్టు 180 రూపాయలు. గొట్టం మధ్యలో పెట్టిన చిన్న ట్యాపు 90. బండి ఆపగానే ఆ ట్యాపు కట్టేయాలి. షెడ్డు గోడ మీద సుద్దతో ‘ట్యాపు’ అని పెద్దక్షరాలతో రాశాను.

జూలై 1

రాడ్డు వచ్చింది. మళ్లీ ధవళేశ్వరం. కొత్త రాడ్డు మూత బిగించి లోపలి కొలత, క్రాంక్ బయటి కొలత తీస్తే తేడా 0.05 మిల్లీమీటర్లు. ఆయిల్ పొరకి సరిపోయే సందు. పాతది ఎంతుందని సరదాకి అడిగితే 0.4 దాటింది.

రాడ్డు తిరగేసి వేయకూడదు, గుర్తు ఎటుండాలో పుస్తకంలో చూసి వేశాను. బోల్టులు మాత్రం చేతి లెక్కతో బిగించలేదు. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే అల్యూమినియంలో మరలు పోతాయి. ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచి కావాలి. పెద్ద బండ్లది ఇంత తక్కువకి పనికిరాదు, దాని ముల్లు కదలనే కదలదు. బైకు మెకానిక్ దగ్గర చిన్నది అడిగి తెచ్చుకున్నాను. సగం ఒకసారి, పూర్తిగా ఒకసారి, రెండు విడతల్లో బిగించి, ప్రతిసారీ క్రాంక్ చేత్తో తిప్పి ఎక్కడా పట్టడం లేదని చూసుకున్నాను. చుక్కకి చుక్క కలిపి క్యామ్ పెట్టాను. కొత్త ప్యాకింగు, మూత.

జూలై 3

ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉంచాల్సిన సందు: ఇన్‌లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.15 మిల్లీమీటర్లు. ఫ్లైవీల్‌కీ, ప్లగ్గుకి కరెంటు పంపే కాయిల్‌కీ మధ్య సందుకి విజిటింగ్ కార్డు పెట్టి బిగించడం పాత చిట్కా. ఇంట్లో విజిటింగ్ కార్డు దొరక్క కుర్రాడు శుభలేఖ పట్టుకొచ్చాడు. అట్ట మరీ మందం. లక్ష్మీగణపతుల్ని మడిచి కాయిల్ కింద దూర్చడం అమ్మ కూడా ఒప్పుకోలేదు. చివరికి ఎరువుల కొట్టు కార్డు పనికొచ్చింది.

జూలై 4

కొత్త ఎస్ఏఈ 30 ఆయిల్, కొలిచి 1.4 లీటర్లు. ముందు ప్లగ్ తీసేసి, ఆయిల్ అంతటా చేరేలా స్టార్టర్‌తో నాలుగుసార్లు ఊరికే తిప్పాను. తర్వాత ప్లగ్ పెట్టి తాళం తిప్పాను.

రెండో తిప్పుకి అందుకుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ బాడీకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. సన్నగా టిక్ టిక్. అది ట్యాపెట్ శబ్దం, ఉండాల్సిందే. రేజ్ చేశాను, ఒక్కసారిగా వదిలాను. ఆ రెండు దెబ్బల కోసం చెవులు రిక్కించి ఎదురుచూశాను. రాలేదు. మళ్లీ చేశాను. రాలేదు.

ఇరవై నిమిషాలు భారం లేకుండా నడిపి ఆపేశాను. ఆయిల్ పుల్ల తీసి చూడ్డమే కాదు, ఇప్పుడు వాసన కూడా చూస్తున్నాం. కుర్రాడైతే నాకన్నా ముందే ముక్కు పెట్టేశాడు.

జూలై 6

పొద్దున్న చిన్న మడి, గంటసేపు. ఆపాక వేడిమీదే ఆయిల్ దింపి తెల్లగుడ్డలో వడగట్టాను. కొత్త రాడ్డు ఒదుక్కునేటప్పుడు కాస్త పొడి రాలుతుంది. నాలుగైదు మెరుపులు కనపడ్డాయి, అంతే. కొత్త ఆయిల్ పోశాను. ఐదు గంటలు నడిచాక ఇంకోసారి మార్చాలి.

సాయంత్రం పెద్ద మడి కూడా పూర్తి చేశాను. ఎండ తగ్గి, కాలవ గట్టు మీద కొబ్బరాకులు ఊగుతున్నాయి. నాన్నగారు అరుగు మీద కూర్చుని అంతసేపూ విన్నారు. పేపరు చేతిలో ఉంది గానీ ఒక్క పేజీ తిప్పలేదు. బండి షెడ్డులో పెట్టి, కాళ్లు కడుక్కుని మెట్లెక్కుతుంటే తల ఎత్తారు.

"ట్యాపు కట్టావా?"

కట్టలేదు. వెనక్కి వెళ్లి కట్టి వచ్చాను.